లారీ వెనక చెప్పు, లారీ వెనక కడ్డీ

మన లారీల వెనక భాగం ఒక చిన్న మ్యూజియం. దిష్టి తగలకుండా వేలాడదీసిన పాత చెప్పు, నల్లతాడు, కోరలు పెట్టిన రాక్షసుడి బొమ్మ, ఇష్టదైవం పేరు, యజమాని పిల్లల పేర్లు, ‘సౌండ్ హారన్’ అన్న రాత. ముందువైపు చూస్తే నిమ్మకాయలు, మిరపకాయలు. ఏటా దసరాకు ఆయుధపూజ. చక్రాల కింద నిమ్మకాయలు పెట్టి తొక్కించడం, గుమ్మడికాయ దిష్టి తీసి నడిరోడ్డు మీద పగలగొట్టడం. (ఆ ముక్కల మీద జారిపడే స్కూటరు వాళ్లకు ఎవరు దిష్టి తీయాలో తెలియదు.) వీటి మీద మన హేతువాద మిత్రులు చాలానే రాశారు. నవ్వారు, నవ్వించారు.

ఈ వ్యాసం వాటి గురించి కాదు. ఆ చెప్పు వేలాడే చోటికి కాస్త కింద అడ్డంగా ఉండవలసిన ఒక ఇనుప కడ్డీ గురించి. చెప్పు ఉందో లేదో మనందరం చూస్తాం. కడ్డీ ఉందో లేదో, ఉంటే ఎంత ఎత్తులో ఉందో, హేతువాదులమని చెప్పుకునే మనం కూడా చూడం.

ఇంతకీ ఆ కడ్డీ పనేమిటి? కారుకూ లారీకీ మధ్య తేడా అనగానే మనకు బరువు గుర్తొస్తుంది. ఎత్తు గుర్తు రాదు. లారీలో సరుకు పెట్టే బల్ల నేలకు ఒక మీటరుకు అటూ ఇటూగా ఉంటుంది. కారు బంపరు అరమీటరు ఎత్తులో ఉంటుంది. కారు ముందు భాగాన్ని కావాలనే నలిగేట్టు తయారు చేస్తారు. ఢీకొన్నప్పుడు బానెట్ కింద ఉన్న ఉక్కు దూలాలు ముడుచుకుపోతూ దెబ్బను తాము మింగుతాయి. ఆ కుదుపును పసిగట్టి ఎయిర్‌బ్యాగ్ తెరుచుకుంటుంది. సీటు బెల్టు మనిషిని పట్టి ఉంచుతుంది. ఇదంతా సక్రమంగా జరగాలంటే ఎదుటి వస్తువు కారు బంపరు ఎత్తులో తగలాలి. లారీ వెనక కింద ఖాళీగా ఉంటే బంపరుకు ఏమీ తగలదు. బానెట్ మొత్తం లారీ కిందికి దూరిపోతుంది. లారీ బల్ల అంచుకు మొదట తగిలేది కారు ముందు అద్దం, ఆ వెంటనే లోపల కూర్చున్న వాళ్ల తలలు. అయిదు స్టార్ల కారైనా, బెల్టు పెట్టుకున్నా, ఆ క్షణంలో అవి చేయగలిగింది చాలా తక్కువ. కారును బంపరు దగ్గరే ఆపడానికి పెట్టేదే ఈ కడ్డీ.

అమెరికాలో ఈ కడ్డీని ఒక సినిమా నటి పేరుతో పిలుస్తారు, ‘మాన్స్‌ఫీల్డ్ బార్’ అని. జేన్ మాన్స్‌ఫీల్డ్ 1950లలో మార్లిన్ మన్రోకు పోటీగా హాలీవుడ్ నిలబెట్టిన తార. 1967 జూన్ 29న, అర్ధరాత్రి దాటాక రెండున్నర ప్రాంతంలో, ఆమె న్యూ ఆర్లీన్స్‌కు వెళ్తున్న బ్యూక్ కారు ఒక ట్రెయిలర్ లారీ వెనక్కి దూసుకుపోయింది. దానికి ముందు దోమల మందు కొట్టే బండి ఒకటి తెల్లటి పొగ వదులుతూ పోతోంది. ఆ పొగలో లారీ నెమ్మదించింది. కారులో ముందు సీట్లో కూర్చున్న ముగ్గురూ, అంటే జేన్, ఆమె వెంట ఉన్న న్యాయవాది సామ్ బ్రోడీ, డ్రైవరు, అక్కడికక్కడే చనిపోయారు. వెనక సీట్లో ఉన్న ముగ్గురు పిల్లలు దెబ్బలతో బతికి బయటపడ్డారు.

ఈ ఘటన చుట్టూ మూడు కథలు పుట్టాయి. మూడూ మనకు పనికొచ్చేవే.

మొదటిది శాపం కథ. ఆ ముందు ఏడాదే శాన్‌ఫ్రాన్సిస్కోలో ‘సైతాను చర్చి’ స్థాపించిన ఆంటన్ లావే అనే ఆయనతో జేన్‌కు పరిచయం ఉండేది. ఆయనకు బ్రోడీ అంటే పడదని, కారు ప్రమాదంలో పోతావని శపించాడని ప్రచారం జరిగింది. శాపం బ్రోడీకి పెడితే జేన్ ఎందుకు పోయింది, ఏ పాపం ఎరగని డ్రైవరు ఎందుకు పోయాడు, వెనక సీటు వాళ్లు ఎందుకు బతికారు? లారీ బల్ల అంచు ఎంతవరకు చొచ్చుకువచ్చిందో అంతవరకే శాపం పనిచేసిందన్నమాట! రెండోది, ఆమె తల తెగి రోడ్డు మీద పడిందన్న కథ. ఇప్పటికీ పుస్తకాల్లో కనిపిస్తుంది. మరణ ధృవపత్రంలో ఉన్నది పుర్రె చితికిపోవడం గురించి. తల తెగడం గురించి కాదు.

మూడో కథ మనలాంటి వాళ్లకు నచ్చేది, కాబట్టి దాన్ని ఇంకా జాగ్రత్తగా చూడాలి. ఆమె మరణంతో కళ్లు తెరిచిన ప్రభుత్వం వెంటనే లారీలన్నిటికీ కడ్డీ తప్పనిసరి చేసిందట. చక్కటి కథ. మూఢనమ్మకం ఓడింది, విజ్ఞానం గెలిచింది. కాకపోతే నిజం కాదు. అమెరికాలో లారీ వెనక కడ్డీ ఉండాలన్న నిబంధన 1953 లోనే ఉంది. అంటే ఆమె చనిపోవడానికి 14 ఏళ్ల ముందు. కడ్డీ నేలకు 30 అంగుళాలకు మించి ఎత్తులో ఉండకూడదని ఆ నిబంధన చెప్పింది. 30 అంగుళాలంటే 76 సెంటీమీటర్లు. చాలా కార్ల బంపరు దాని కింద నుంచి హాయిగా దూరిపోతుంది. పైగా ఆ కడ్డీ ఎంత దెబ్బకు ఆగాలో ఎక్కడా చెప్పలేదు. ఆమె మరణం తర్వాత గట్టి కడ్డీ పెట్టాలన్న ప్రతిపాదన వచ్చింది. 1969లో ముసాయిదా తయారైంది. 1971లో ‘అయ్యే ఖర్చుకు తగ్గ ప్రయోజనం లేదు’ అని దాన్ని పక్కన పెట్టేశారు. కిందికి దించి, బలం కొలిచి పెట్టే కడ్డీ నిబంధన వచ్చింది 1996లో, అమలైంది 1998లో. ఎత్తు 22 అంగుళాలు, అంటే 56 సెంటీమీటర్లు. శాపం కథ ఒక్క రోజులో పుట్టి ఉంటుంది. ఎనిమిది అంగుళాలు కిందికి దిగడానికి 45 ఏళ్లు పట్టింది.

ఆ 45 ఏళ్లలో జరిగిన వాదనంతా ఒకే ప్రశ్న చుట్టూ తిరిగింది. కారు వాడు నిద్రపోయి లారీని గుద్దితే లారీకి కడ్డీ ఎందుకు పెట్టాలి? తప్పు కారు వాడిది కదా? ఈ ప్రశ్నకు సరైన జవాబు చెప్పిన వాళ్లలో ఇద్దరి గురించి హేతువాదులు తెలుసుకోవాలి.

ఒకరు హ్యూ డిహేవెన్. 1917లో విమాన శిక్షణలో ఉండగా రెండు విమానాలు ఢీకొని ఆయన కూలిపోయాడు. బతికాడు, కానీ కడుపులో అవయవాలు చితికాయి. అందరూ అదృష్టం అన్నారు. ఆయన మాత్రం తనను గాయపరచింది తన బెల్టు బకిలేనని గమనించాడు. తర్వాత చాలా ఏళ్లకు, ఎత్తు నుంచి పడి బతికిన వాళ్ల కేసులు వెతికాడు. 50 నుంచి 150 అడుగుల ఎత్తు నుంచి పడి లేచి కూర్చున్న మనుషులు. పత్రికలు ‘దేవుడి మహిమ’ అని రాసినవి. డిహేవెన్ వెళ్లి నేల మీద పడ్డ గుంట లోతు కొలిచాడు. మెత్తటి మట్టి ఎన్ని అంగుళాలు దిగింది, రేకు ఎంత వంగింది, మనిషి ఎంత దూరంలో ఆగాడు, ఇవీ ఆయన ప్రశ్నలు. 1942లో ఆ వ్యాసం అచ్చయింది. మనిషి శరీరం మనం అనుకున్నంత పెళుసు కాదని, ఆగే దూరం కొన్ని అంగుళాలు పెరిగితే చాలని తేల్చాడు. మహిమలను ఖండించడానికి ఇంతకంటే మంచి పద్ధతి నాకు కనిపించలేదు. ఆయన మహిమను కొట్టిపారేయలేదు, టేపు పెట్టి కొలిచాడు.

రెండోవాడు విలియం హాడన్. వైద్యుడు, అంటువ్యాధుల శాస్త్రం చదివినవాడు. 1966లో అమెరికా ప్రభుత్వం రోడ్డు భద్రతకు సంస్థ పెట్టినప్పుడు దానికి మొదటి అధిపతి. మలేరియా వచ్చిన మనిషిని ‘ఎందుకు దోమ కుట్టించుకున్నావు’ అని నిలదీయం కదా, దోమను, నీటి గుంటను, దోమతెరను చూస్తాం; ఢీకొనడాన్నీ అలాగే చూడాలన్నది ఆయన వాదన. ఢీకొనక ముందు, ఢీకొన్నప్పుడు, ఢీకొన్న తర్వాత అని మూడు దశలు. మనిషి, వాహనం, పరిసరాలు అని మరో వైపు. ఈ గళ్లన్నీ నింపితే ‘డ్రైవరు తప్పు’ అనేది అందులో ఒక్క గడి మాత్రమే అవుతుంది. ఆఫీసులో ఎవరైనా ‘యాక్సిడెంట్’ అన్న మాట వాడితే పది సెంట్లు జరిమానా వేసేవాడని చెబుతారు. తర్వాత ఆయన బీమా కంపెనీలు నడిపే హైవే భద్రతా సంస్థకు అధ్యక్షుడయ్యాడు. ఆయన హయాంలోనే, 1977లో, ఆ సంస్థ కార్లను లారీల వెనక్కి గుద్దించి ఫిల్ము తీసింది. 1953 నాటి కడ్డీలు విరిగిపోయి, కార్లు కిందికి దూరిపోవడం అందరూ కళ్లారా చూశారు. హాడన్ 1985లో పోయాడు, కొత్త నిబంధన చూడకుండానే.

ఇక మన దేశానికి వద్దాం. మనం వాడే ‘ప్రమాదం’ అన్న మాటలోనే తీర్పు ఉంది. సంస్కృతంలో ప్రమాదం అంటే ఏమరుపాటు, అజాగ్రత్త. బౌద్ధుల ధమ్మపదంలో ‘అప్రమాదం’ మీద, అంటే మెలకువగా ఉండడం మీద, ఒక అధ్యాయమే ఉంది. తెలుగులో ఆ మాట యాక్సిడెంటుకు పేరైంది. చట్టం కూడా అదే దారి పట్టింది. లారీ కింద ఎవరైనా పోతే పోలీసులు పెట్టే 304-ఎ సెక్షను 1870లో భారత శిక్షాస్మృతిలో చేర్చింది. అప్పటికి మన దేశంలో మోటారు బండే లేదు. నిర్లక్ష్యంగా ప్రాణం తీస్తే రెండేళ్ల వరకు శిక్ష. 1914లో మొదటి మోటారు వాహనాల చట్టం, 1939లో రెండోది, 1988లో మూడోది వచ్చాయి. కానీ మనిషి చనిపోయినప్పుడు తెరిచే పుస్తకం మాత్రం ఎడ్లబండ్ల నాటిదే, 2024 జులైలో భారతీయ న్యాయ సంహిత అమల్లోకి వచ్చేదాకా.

అందుకే కేంద్ర ప్రభుత్వం ఏటా వేసే రోడ్డు ప్రమాదాల నివేదికలో ‘డ్రైవరు తప్పు’ అన్న వరుస ఎప్పుడూ కొండలా ఉండేది. 2016 నివేదికలో 84 శాతం ప్రమాదాలకు కారణం డ్రైవరే. ఆ ఏడాది చనిపోయిన వాళ్లు 1,50,785 మంది. పోలీసు చేతిలో ఉన్నది కేసు పెట్టే ఫారం. కేసు పెట్టాలంటే ముద్దాయి కావాలి. ముద్దాయిని వెతికే ఫారంలో ముద్దాయే దొరుకుతాడు, కడ్డీ ఎత్తు దొరకదు. ఆ తర్వాత ఫారం మార్చారు, వివరాలు పెంచారు. 2022 నివేదికలో చనిపోయిన వాళ్లు 1,68,491 మంది. ఢీకొన్న తీరు ప్రకారం చూస్తే ‘వెనక నుంచి గుద్దడం’ ఒక్కటే ప్రమాదాల్లో సుమారు ఐదో వంతు.

ఇక్కడ నాకు మన వాళ్లతోనే పేచీ ఉంది. ‘తలరాత’ అన్నవాడిని మనం ఎగతాళి చేస్తాం. ‘డ్రైవరు తాగి ఉంటాడు, నిద్రపోయి ఉంటాడు’ అన్నవాడిని హేతువాది అనుకుంటాం. ఇద్దరూ చేసేది ఒకటే. జరిగిపోయిన దానికి ఒక పేరు పెట్టి లేచి వెళ్లిపోవడం. నిద్రపోలేదని కాదు, తాగలేదని కాదు. మనిషికి నిద్ర వస్తుందన్నది తెలిసిన విషయమే కదా, తెలిసిన విషయానికి తగ్గట్టు రోడ్డును, బండిని ఎందుకు తయారు చేయలేదు అన్నది అసలు ప్రశ్న. ఢిల్లీ ఐఐటీలో పనిచేసిన దినేశ్ మోహన్ 2021లో చనిపోయేదాకా చెప్పింది ఇదే. ఆయన పేరు మన సభల్లో నేను పెద్దగా వినలేదు. నిమ్మకాయల పేరు ప్రతి సభలోనూ విన్నాను.

కారు, లారీ ఢీకొన్న వార్తల్లో మనకు గుర్తుండేవి పెద్దవాళ్లవి. మాజీ రాష్ట్రపతి జైల్ సింగ్ కారు 1994 నవంబరు 29న పంజాబ్‌లో కీరత్‌పూర్ సాహిబ్ దగ్గర లారీతో ఢీకొంది, ఆయన డిసెంబరు 25న చనిపోయారు. మన ఎర్రన్నాయుడు గారి కారు 2012 నవంబరు 2న శ్రీకాకుళం జిల్లా రణస్థలం దగ్గర ఆయిల్ ట్యాంకరును ఢీకొంది. ఇలాంటివి జరిగినప్పుడు మర్నాడు పత్రికల్లో ‘విధి వంచించింది’ అన్న శీర్షిక తప్పదు. పక్కనే డ్రైవరు గురించి నాలుగు మాటలు. రెండు భాషలూ ఒకే పేజీలో పక్కపక్కన కాపురం చేస్తాయి.

రాత్రిపూట హైదరాబాదు–విజయవాడ రోడ్డు మీద ప్రయాణం చేసినవాళ్లకు ఈ లెక్క అర్థమవుతుంది. గంటకు 100 కిలోమీటర్ల వేగమంటే సెకనుకు దాదాపు 28 మీటర్లు. ముందు ఏదో ఉందని కంటికి తెలిసి, కాలు బ్రేకు మీద పడేసరికి ఒకటిన్నర సెకను పోతుంది. అంటే 42 మీటర్లు. పొడి రోడ్డు మీద మంచి టైర్లతో బండి ఆగడానికి ఇంకో 55 మీటర్లు. మొత్తం దగ్గర దగ్గర 100 మీటర్లు. ఎదుటి వాళ్ల కోసం లైటు డిమ్ చేస్తే, వెలుగులేని వస్తువు కనిపించేది 50, 60 మీటర్ల దూరంలో. మిగిలిన 40 మీటర్లకు జవాబు లేదు. డ్రైవరు తాగలేదు, నిద్రపోలేదు, ఫోను చూడలేదు. అయినా ఆగలేడు. వేగం తగ్గించాలన్నది నిజమే. నేనూ తగ్గిస్తాను. కానీ ఆ చీకట్లో రోడ్డు మీదే లారీ ఎందుకు ఆగి ఉంది?

టైరు పంక్చరై ఉండవచ్చు. ఊళ్లోకి పగలు భారీ వాహనాలకు నో ఎంట్రీ కాబట్టి సమయం కోసం ఆగి ఉండవచ్చు. ఆపుకోవడానికి వేరే చోటు లేక ఆగి ఉండవచ్చు. ఎర్ర త్రికోణం పెట్టాలని నిబంధన ఉంది. పెట్టేవి నాలుగు రాళ్లు, ఒక చెట్టు కొమ్మ. బాగుచేసుకుని వెళ్లేటప్పుడు రాళ్లు అక్కడే వదిలేస్తారు. వాటిని తర్వాత ఏ బైకువాడో వెతుక్కుంటాడు.

దీనికి చౌకైన మందు ఒకటి ఉంది. మనవాళ్లు దాన్ని ‘రేడియం స్టిక్కరు’ అంటారు. దానికీ రేడియానికీ ఏ సంబంధమూ లేదు, మేడమ్ క్యూరీ గారికి అసలు సంబంధం లేదు. పడ్డ వెలుతురును వచ్చిన వైపుకే తిప్పి పంపే టేపు అది. అమెరికాలో 1993 చివరి నుంచి తయారైన పెద్ద ట్రెయిలర్లకు అది తప్పనిసరి. ఫ్లోరిడా, పెన్సిల్వేనియా రాష్ట్రాల పోలీసుల చేత 1997 నుంచి 1999 దాకా లెక్కలు రాయించారు. టేపు ఉన్న ట్రెయిలర్లు, లేనివి. పగలు జరిగినవి, చీకట్లో జరిగినవి. పగలు టేపు ఉన్నా లేకున్నా ఒకటే కాబట్టి ఆ తేడా కొలతబద్దగా పనికొచ్చింది. చీకట్లో పక్క నుంచీ, వెనక నుంచీ వచ్చి గుద్దేవి 29 శాతం తగ్గాయని 2001లో తేల్చారు. మన దేశంలోనూ ఈ టేపు తప్పనిసరే. దుమ్ము కొట్టుకుపోయి, సగం ఊడి, పైన పరదా కప్పి ఉండే టేపు ఎంత తప్పనిసరో రోడ్డు మీద చూడవచ్చు.

నిమ్మకాయలకు ఇలాంటి పరీక్ష పెట్టగలమా? ఆయుధపూజ చేయని లారీ మన దగ్గర దొరకడమే కష్టం. గుద్దుకున్న లారీకీ పూజ జరిగింది, గుద్దుకోని దానికీ జరిగింది. పోల్చడానికి రెండో గుంపు లేనప్పుడు ‘పూజ వల్లే క్షేమంగా ఉన్నాం’ అన్న మాటకు అర్థం లేదు. ఇదే కష్టం ‘అచ్చిరాని బండి’, ‘దయ్యాల మలుపు’ కథలకూ ఉంది. 1898లో బోర్ట్‌కీవిచ్ అనే గణాంక శాస్త్రవేత్త ప్రష్యా సైన్యంలో గుర్రాలు తన్ని చనిపోయిన వాళ్ల లెక్క తీశాడు. పది దళాలు, ఇరవై ఏళ్లు, అంటే 200 గళ్లు. మొత్తం 122 చావులు. 109 గళ్లలో ఒక్క చావు లేదు. 65 గళ్లలో ఒకటి, 22లో రెండు, 3లో మూడు, ఒక్క గడిలో నాలుగు. నలుగురు పోయిన దళానికి ఆ ఏడాది ఏదో శాపం తగిలిందని అప్పటి సైనికులు అనుకునే ఉంటారు. శాపమేమీ లేకుండా, ఉత్త యాదృచ్ఛికంగా పడితే ఎలా పడతాయో సరిగ్గా అలాగే ఉన్నాయని ఆయన చూపించాడు.

2023 జులై 1న మహారాష్ట్రలో సమృద్ధి ఎక్స్‌ప్రెస్ వే మీద బుల్‌ఢాణా జిల్లాలో బస్సు తగలబడి 25 మంది చనిపోయారు. కొన్ని రోజులకే అక్కడ మహామృత్యుంజయ యంత్రం పెట్టి పూజ చేశారు. అంధశ్రద్ధా నిర్మూలన కార్యకర్తలు ఫిర్యాదు చేస్తే, దాభోల్కర్ హత్య తర్వాత 2013లో వచ్చిన చట్టం కింద కేసు పెట్టారు. కేసు మంచిదే. అయితే ఒక మెలిక ఉంది. ఎక్కడైనా చావులు ఒక్కసారిగా ఎక్కువైనప్పుడే యంత్రం పెడతారు. ఎక్కువైన సంఖ్య తర్వాత ఎలాగూ సగటు వైపు దిగుతుంది. యంత్రం పెట్టినా దిగుతుంది, పెట్టకపోయినా దిగుతుంది. ఘనత యంత్రానికి పోతుంది. రోడ్డు ఇంజనీరు బోర్డు పెట్టినా, పోలీసు చలానాల డ్రైవ్ పెట్టినా ఇదే ఘనత వాళ్లకూ పోతుంది! అందుకే మూడేళ్ల లెక్క చూసి 500 మీటర్ల ముక్కకు బ్లాక్ స్పాట్ అని పేరు పెడతారు. మన వైపు వాళ్లకూ ఈ జాగ్రత్త వర్తిస్తుంది.

సరే, మన కడ్డీ సంగతి. యూరప్ 1970లోనే దీనికి ఉమ్మడి నిబంధన తెచ్చింది. మన భారతీయ ప్రమాణాల సంస్థ ప్రమాణం 2005 నాటిది. నేలకు 55 సెంటీమీటర్లకు మించకూడదు, ఇంత దెబ్బకు ఆగాలి అని రాసి ఉంది. కాగితం మీద మనం అమెరికా కంటే ఒక సెంటీమీటరు కిందే ఉన్నాం. అయితే మన లారీల పుట్టుక వేరు. దశాబ్దాల పాటు కంపెనీ ఇచ్చింది ఛాసిస్ మాత్రమే. బాడీ కట్టింది విజయవాడ ఆటోనగర్ లాంటి చోట్ల, షెడ్డుల్లో, వడ్రంగులు, వెల్డర్లు. వాళ్ల పనితనం తక్కువది కాదు. అలాంటి ఒక షెడ్డులో పెద్దమేస్త్రిని అడిగాను.

“కడ్డీ ఎంత ఎత్తులో పెడతారు మేస్త్రీ?”

“ఓనరుగారు ఎంత చెబితే అంతండీ. టిప్పరు వాళ్లయితే అసలొద్దంటారు. కంకర దించేటప్పుడు కిందకి తగులుద్ది కదండీ.”

“వెనక నుంచి కారు వచ్చి గుద్దితే?”

“అది వాడి ఖర్మండీ. మన బండికేమవుద్ది?”

ఆ జవాబులో దుర్మార్గం లేదు. 1971లో అమెరికా ప్రభుత్వం ‘ఖర్చుకు తగ్గ ప్రయోజనం లేదు’ అన్నది కూడా ఇంచుమించు ఇదే, ఇంగ్లిషులో. కడ్డీకి డబ్బు పెట్టేది లారీ యజమాని, దానివల్ల బతికేది కారు వాడు. బేరం కుదరని చోట చట్టం కావాలి, చట్టం ఉన్న చోట టేపు పట్టుకుని కొలిచే మనిషి కావాలి.

లారీ నడిపే మనిషి గురించి కూడా చెప్పాలి. 1961 మోటారు రవాణా కార్మికుల చట్టం ప్రకారం డ్రైవరు పని రోజుకు 8 గంటలు, వారానికి 48. దూరప్రయాణమైతే అనుమతితో రోజుకు 10 గంటలు. అయిదు గంటలకు ఒకసారి అరగంట విశ్రాంతి. వినడానికి బాగుంది. కానీ అది అయిదుగురు, అంతకు మించి పనివాళ్లున్న సంస్థలకే వర్తించింది. మన దేశంలో లారీలు చాలావరకు ఒకటీ రెండూ ఉన్న చిన్న యజమానులవి. అంటే ఎవరికి నిద్ర అవసరమో వాళ్లకు చట్టం లేదు. 2018లో నేషనల్ పర్మిట్ లారీకి ఇద్దరు డ్రైవర్లు ఉండాలన్న నిబంధన కూడా తీసేశారు. తర్వాత 1961 చట్టాన్ని 2020 నాటి కార్మిక కోడ్‌లో కలిపేశారు. ఒక మంచి మాట చెప్పుకోవాలంటే, 2025 అక్టోబరు నుంచి తయారయ్యే భారీ లారీల కేబిన్లకు ఏసీ తప్పనిసరి చేశారు. మే నెలలో ఇంజను పక్కన కూర్చుని నడిపినవాడికి అది విలాసం కాదు.

ఇవన్నీ వదిలేసి, శిక్ష పెంచితే చాలనుకునే వాళ్లు ఎప్పుడూ ఉంటారు. న్యాయ సంహిత 106వ సెక్షనులో రెండో భాగం, గుద్ది పోలీసులకు చెప్పకుండా పారిపోతే పదేళ్ల వరకు శిక్ష అంది. 2024 జనవరి మొదటి రెండు రోజులు దేశమంతటా లారీలు ఆగిపోయాయి. హైదరాబాదు పెట్రోలు బంకుల దగ్గర బారులు గుర్తుండే ఉంటాయి. డ్రైవర్లు చెప్పింది ఒకటే: ఆగితే జనం కొట్టి చంపుతారు, పారిపోతే పదేళ్లు. ఎవరి తప్పయినా పెద్ద బండి వాడినే కొట్టే అలవాటు మన రోడ్ల మీద ఉందని అందరికీ తెలుసు. ప్రభుత్వం వెనక్కి తగ్గింది. మిగతా సంహిత జులై 1 నుంచి అమల్లోకి వచ్చింది, ఆ ఒక్క భాగాన్ని పక్కన పెట్టారు. ఆ చర్చలన్నీ నేను టీవీలో చూశాను. పదేళ్లా, రెండేళ్లా అన్నదే మాట. కడ్డీ అన్న మాట ఒక్కసారి కూడా వినిపించలేదు.

ఆగి ఉన్న లారీని కారు గుద్దినప్పుడు ఇది తిరగబడుతుంది. వెనక నుంచి గుద్దినవాడిదే తప్పు అన్నది పోలీసు లెక్క. కారు నడిపినవాడే ముద్దాయి. అతను చనిపోయాడు కాబట్టి కేసు మూతపడుతుంది. లారీ వెనక లైటు వెలిగిందా, టేపు ఉందా, కడ్డీ ఏ ఎత్తులో ఉంది, విరిగిందా ఆగిందా అని కొలవవలసిన అవసరం ఎవరికీ రాదు. మిగిలిన కుటుంబం పరిహారం కోసం ట్రిబ్యునల్‌కు వెళితే, ‘చూసి నడపాల్సింది కదా’ అని అందులో కొంత కోసేస్తారు.

అలాంటి ఒక కేసు సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. రాత్రిపూట నడిరోడ్డు మీద ఇండికేటరు గానీ, పార్కింగు లైటు గానీ లేకుండా ఆపిన గ్యాస్ ట్యాంకరును ఒక కుటుంబం వెళ్తున్న మారుతి కారు గుద్దింది. ఎదుటి బండ్ల లైట్ల వెలుగు కళ్లలో పడి ట్యాంకరు కనిపించలేదని చూసిన సాక్షి చెప్పాడు. ట్రిబ్యునల్ తప్పంతా ట్యాంకరుదే అంది. హైకోర్టు కాదంది, ముందు ఆగి ఉన్నది చూసుకోవద్దా అని సగం తప్పు కారు నడిపినవాడి మీద వేసింది, పరిహారం ఆ మేరకు తగ్గింది. సుప్రీంకోర్టు 2018 ఫిబ్రవరిలో హైకోర్టు మాటను కొట్టేసింది. ట్యాంకరు వెనక లైటు లేదన్నది సాక్ష్యంలో ఉంది. ఆ కుటుంబానికి కోసేసిన సగం తిరిగి వచ్చింది.